కదురు ఆగిన చోట

ప్రొద్దుటూరు బస్టాండులో ఓబులేసును ఎరగనివాళ్లు ఉన్నారంటే, వాళ్లు ఆ ఊరికి నిన్నో మొన్నో వచ్చినవాళ్లయి ఉండాలి. ముప్పై ఒక్క ఏళ్లు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల రూటులో కండక్టరుగా చేసిన మనిషి. రిటైరై ఆరేళ్లయినా బస్సెక్కితే సీట్లో కుదురుగా కూర్చోడు. తలుపు దగ్గర నిలబడి "ముందుకు జరగండప్పా, లోపల శానా జాగా ఉండాది" అని అరుస్తాడు. ఇప్పటి కండక్టర్లు కుర్రవాళ్లు. పెద్దాయన సరదా ఎందుకు కాదనాలని నవ్వి ఊరుకుంటారు.

ఇది ఊరందరికీ తెలిసిన ఓబులేసు. ఆయన చారిత్రక నవలలు రాస్తాడన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు. ఈ కథ జరిగేనాటికి నాలుగు అచ్చయ్యాయి. రాజులూ రాణులూ ఆయన నవలల్లో ఉంటారు గానీ, బస్సు కిటికీలోంచి కనపడి వెనక్కి పోయే మైలురాళ్ల మాదిరి ఉంటారు. కథంతా కోటలోకి నీళ్లు మోసినవాళ్లది, గుర్రాలకు గడ్డి కోసినవాళ్లది, మందలు తోలినవాళ్లది. ఎక్కడ దొరికాయి ఇన్ని కథలు అని అడిగితే, "టికెట్ ఇచ్చినాను, కత తీసుకున్నాను" అంటాడు. ఒక్కో స్టాపులో ఒక్కో ముసలివాడు ఎక్కి, తన ఊరి బురుజు గురించో, గుట్ట మీది గుడి గురించో ఏదో ఒకటి చెప్పి దిగిపోయేవాడు. అవన్నీ టికెట్ల లెక్క రాసే వేబిల్లుల వెనకవైపు గీసుకొని ఇంటికి తెచ్చుకునేవాడు. మొదటి నవల మొత్తం ఆ కాగితాల మీదే పుట్టింది. పుస్తకం అమ్ముడుపోయినప్పుడల్లా సంతకం పెట్టి, పాతకాలపు టికెట్ పంచితో మొదటి పేజీ మూల ఒక రంధ్రం కొడతాడు. ఇంకెవరి సంతకానికీ లేని అందం తన సంతకానికి ఉందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మనమెందుకు చెడగొట్టాలి?

ఇంతకీ ఓబులేసు నవలల వెనక ఉన్న అసలు మనిషి చౌడమ్మ.

చౌడమ్మ ఆయన భార్య. సొంత అక్క కూతురు కాబట్టి చిన్నప్పుడు ఎట్లా పిలిచిందో ఇప్పుడూ అట్లాగే "మామా" అని పిలుస్తుంది. ఇద్దరిదీ గొర్రెలు కాచే ఇల్లే. ఓబులేసు పన్నెండో ఏట మందను వదిలి హాస్టల్లో చేరి చదువుకున్నాడు. చౌడమ్మ మాత్రం యాభై దాటేదాకా మంద వెంట నడిచింది. ఎండాకాలం మేత కోసం వలసపోయినప్పుడు బిడ్డను వీపున కట్టుకొని నడిచింది. ఇప్పుడు ఊరి చివర ఇంటి వెనక దొడ్లో ఆరు గొర్రెలు పెట్టుకొని ఉంది. అక్షరం ముక్క రాదు.

పొద్దున్నే దొడ్డి చిమ్మి, గొర్రెలకు నీళ్లు పెట్టి, చౌడమ్మ వసారాలో కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతుంది. ఆ గంటసేపు ఓబులేసు ముందురోజు రాసింది చదువుతాడు. ఆమె బాగుంది అనదు, బాగాలేదు అనదు. కథ సరిగ్గా నడుస్తున్నంతసేపు కదురు తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో కాలు తప్పిందా, కదురు ఆగిపోతుంది. అంతే. ఓబులేసు గుండె కూడా అక్కడే ఆగుతుంది.

రెండో నవలలో ఒక వార్తాహరుడు గండికోటలో తెల్లారి బయల్దేరి, పొద్దు నడినెత్తికి రాకముందే చాపాడు చేరినట్టు రాశాడు. కదురు ఆగింది.

"ఆ మనిషి నడిసినాడా, నీ బస్సు ఎక్కినాడా?" అంది చౌడమ్మ.

ఓబులేసు లెక్క వేసుకున్నాడు. నిజమే. దూరాలన్నీ ఆయన బుర్రలో స్టాపులుగా, నిమిషాలుగా ఉన్నాయి. మూడు వందల ఏళ్ల నాటి మనిషిని కూడా బస్సులో కూర్చోబెట్టి పంపాడు. ఆ అధ్యాయం చించి, వార్తాహరుడిని రెండు రోజులు నడిపించి, దోవలో కాళ్లు బొబ్బలెక్కించి మళ్లీ రాశాడు. చదివినవాళ్లందరూ ఆ బొబ్బల పేజీలే బాగున్నాయన్నారు.

ఇట్లా నాలుగు నవలలు ఆ కదురు పక్కనే తయారయ్యాయి. పత్రికల్లో సమీక్ష వచ్చినా రాకపోయినా ఆయనకు పెద్దగా పట్టదు. కదురు తిరిగితే చాలు.

పట్టేది కాదు, అనాలేమో. ఎందుకంటే నాలుగో నవల ఆవిష్కరణ సభలో ఒక పెద్దమనిషి, రిటైరైన లెక్చరరు, అధ్యక్ష స్థానంలో కూర్చుని ఒక మాట అన్నాడు. "ఓబులేసు గారి నవలల్లో అన్నీ ఉన్నాయి. కాకపోతే గొర్రెల వాసన కాస్త ఎక్కువ." సభంతా గొల్లున నవ్వింది. ఓబులేసు కూడా నవ్వాడు. నవ్వి, ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా చొక్కా విప్పి వాసన చూసుకున్నాడు. ఒక్క పుల్లవిరుపు మాట మనిషి లోపల ఎంతకాలం కూర్చుంటుందో అన్నవాడికి తెలియదు. ఆ లెక్చరరు ఆ పూటే మరిచిపోయి ఉంటాడు.

అయిదో నవలకు వచ్చేసరికి ఆ మాట పని చేయడం మొదలుపెట్టింది. ముందుగా పేరు మారింది. ఇంట్లో చౌడమ్మ దాన్ని "సుంకులమ్మ పుస్తకం" అనేది. ఎందుకంటే కథ సుంకులమ్మ అనే కాపరి మనిషిది. శత్రువులు కోటను ముట్టడిస్తారు, లోపల తిండి అయిపోతుంది, సుంకులమ్మ నలభై గొర్రెలను చీకట్లో శత్రువుల గుడారాల పక్క నుంచే చప్పుడు కాకుండా కోటలోకి తోలుకుపోతుంది. చరిత్రలో ఇట్లాంటిదేమీ లేదు, పూర్తిగా ఓబులేసు ఊహ. అట్ట మీదికి వచ్చేసరికి సుంకులమ్మ పుస్తకం కాస్తా "నీరవ దుర్గం" అయి కూర్చుంది.

"నీరవ అంటే ఏంది మామా?" అని అడిగింది చౌడమ్మ.

"చప్పుడు లేనిది అని."

"చప్పుడు లేని కోట అనొచ్చు కదా," అని ఉన్ని అందుకుంది.

ఇరవై రెండు అధ్యాయాలు ఎప్పటి మాదిరే చదివాడు. ఇరవై మూడోది, అంటే సుంకులమ్మ మందను తోలే అధ్యాయం, నవలకంతా అదే ప్రాణం. ఈ ఒక్కచోటైనా గొర్రెల వాసన లేకుండా రాయాలనుకున్నాడు. ఇంట్లో కాకుండా, తన పుస్తకాలు అచ్చు వేసే ఇనాయతుల్లా ప్రెస్సులో ఒక మూల కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు రోజుల్లో రాశాడు. ప్రతి వాక్యానికీ పట్టుబట్ట కట్టాడు. గొర్రెపిల్లలు అరిస్తే శత్రువులకు తెలిసిపోతుందని, సుంకులమ్మ గుండె రాయి చేసుకుని పిల్లలన్నిటినీ లోయలో దడి కట్టి వదిలేస్తుంది. తల్లులు మాత్రం త్యాగమూర్తుల్లా, ఒక్క శబ్దం లేకుండా, వెన్నెల్లో నడిచిపోతాయి. రాసి చదువుకుంటే ఆయనకే కళ్లు చెమ్మగిల్లాయి.

మరునాడు పొద్దున కాగితాలు తీసుకొని వసారాలోకి వచ్చాడు. చౌడమ్మ కదురు అందుకుంది. ఓబులేసు కాగితాల వైపు చూశాడు, కదురు వైపు చూశాడు. "రేపు చదువుతాలే, ప్రెస్సులో పనుంది" అని కాగితాలు సంచిలో పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆ రేపు రాలేదు.

తొందర కూడా ఉంది, కాదనలేం. క్రిస్మస్ వారంలో గండికోటకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కోట గోడ పక్కన నిలబడి కోట కథ కొనని మనిషి ఉంటాడా అని ఓబులేసు ఆలోచన. దానికి తోడు పులివెందులలో ఒక పాస్టరు గారు, "క్రిస్మస్ కబురు ముందు విన్నది గొర్రెల కాపరులే కదన్నా, మా సెమీ క్రిస్మస్‌కు వచ్చి మీ కాపరుల పుస్తకం గురించి చెప్పండి" అని పిలిచాడు. డిసెంబరు ఇరవై. ఆలోగా పుస్తకం బయటికి రావాలి. ఇనాయతుల్లా పెళ్లి పత్రికలు పక్కన పెట్టి మరీ అచ్చు వేశాడు. పదిహేనో తేదీకి అయిదు వందల కాపీలు కట్టలు కట్టి ప్రెస్సు అరుగు మీద ఉన్నాయి.

పదహారో తేదీ ఓబులేసు రెండు సంచుల పుస్తకాలతో జమ్మలమడుగు పోయాడు. ఆయన ప్రచారం అంటే పెద్ద తతంగమేమీ ఉండదు. బస్సెక్కడం, తలుపు దగ్గర నిలబడడం, "గండికోట కత, సదివినోళ్లకు సదివినంత" అనడం. జమ్మలమడుగు బస్టాండులో పాత డ్రైవర్లు ఇద్దరు చెరొకటి తీసుకున్నారు. వాళ్లు చదవరని ఆయనకు తెలుసు, తీసుకోకపోతే ఆయన వదలడని వాళ్లకూ తెలుసు. కాలేజీలో ఒక చరిత్ర మాస్టరు పిల్లల్ని కూర్చోబెట్టి ఆయన చేత మాట్లాడించాడు. పంచి కొట్టి కొట్టి బొటనవేలు నొప్పి పుట్టింది. మధ్యాహ్నానికి ఒక సంచి ఖాళీ. ఓబులేసు చౌడమ్మకు ఇష్టమని కారం బొరుగులు కట్టించుకొని ఇంటి ముఖం పట్టాడు.

ఇంటికొచ్చేసరికి వసారాలో ఇనాయతుల్లా భార్య గుల్జార్‌బీ కూర్చుని ఉంది. ప్రెస్సులో అచ్చయిన కాగితాలు మడిచేది ఆమే. మడుస్తూ చదువుతుంది. మడవని కాగితంలో పేజీలు వరసగా ఉండవు కాబట్టి, ఏ పుస్తకమైనా ఆమెకు చివరి సంగతి ముందే తెలిసిపోతుంది. ఓబులేసు నవలలంటే చెవి కోసుకునే మనిషి. ఆమె ఒళ్లో "నీరవ దుర్గం" తెరిచి ఉంది. ఎదురుగా చౌడమ్మ. చౌడమ్మ చేతిలో కదురు. కదురు ఆగి ఉంది.

"రాన్నా," అంది గుల్జార్‌బీ సంతోషంగా. "ఇరవై మూడో అధ్యాయం శానా బాగుండాది అంటే, అక్క ఇననే లేదంట. అందుకే సదివి ఇనిపిస్తి."

ఓబులేసు చెప్పులు విప్పడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డాడు. గుల్జార్‌బీ అమాయకురాలే గానీ తెలివితక్కువది కాదు. ఇద్దరి ముఖాలు చూసి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి వెళ్లిపోయింది.

"పిల్లల్ని ఆడ ఇడిసిపెట్టి తల్లుల్ని తోలుకపోయిందా ఆయమ్మ?" అంది చౌడమ్మ.

"అదీ... చప్పుడు కాకూడదని..."

"పిల్లలు కండ్ల ముందర ల్యాకపోతే తల్లులు ఊరుకుంటాయా మామా? కోటకు కాదు, కడప దాకా ఇనపడేటట్టు అరుస్తాయి. ఒక్క రాత్రి మంద కాడ పండుకున్నోడికి ఎవరికైనా తెలుసు ఇది. నీకు తెలీదా?"

తెలుసు. పన్నెండేళ్లు వచ్చేదాకా ఆ అరుపుల్లోనే నిద్రపోయాడు. రాసేటప్పుడు ఎట్లా మరిచిపోయాడో ఆయనకే అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మనిషి ఏం చేస్తాడు, మొండికేస్తాడు.

"కతలో అది త్యాగం. సదివేటోళ్లంతా టౌనోళ్లు. వాళ్లకేం తెలుస్తాది?"

చౌడమ్మ వేరే మాట అడిగింది. "ఇరవై రెండు అధ్యాయాలు సదివినావు. ఇది నాకెందుకు సదవలేదు?"

"తొందరలో..."

"మూడు దినాలు ప్రెస్సులో కూర్చుంటివే. నాకు సదవను గంట లేకపాయనా?"

అప్పుడు ఓబులేసు ఆ పాత మాట బయటపెట్టాడు. ఆ లెక్చరరు అన్న మాట, సభ నవ్విన నవ్వు, అన్నీ. చెప్తున్నకొద్దీ తేలికవుతుందనుకున్నాడు గానీ, చౌడమ్మ ముఖం చూసేసరికి, ఇది చెప్పకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

"గొర్ల వాసన నీదెట్లయితాది మామా, నువ్వు పన్నెండేండ్లకే ఇడిసిపెట్టి పోయినావు," అంది ఆమె నెమ్మదిగా. "ఆ వాసన నాది. నన్ను పక్కన పెట్టి రాయాలనుకున్నావు, రాసుకున్నావు. ఇంక నాకు సదవొద్దు."

లేచి, కదురుకు ఉన్న ఉన్నిని చుట్టి, అటక మీద పెట్టేసింది. ముప్పై ఏళ్లలో ఆ కదురు అటక ఎక్కడం అదే మొదటిసారి. కారం బొరుగులు వసారాలోనే ఉండిపోయి మెత్తబడ్డాయి.

తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఏ లోటూ జరగలేదు. వేళకు సంగటి, వేళకు పప్పు. మాటలూ ఉన్నాయి: నీళ్లు కాగినాయి, కరెంటు పోయింది, చిన్నగొర్రెకు కాలు నొప్పి. అంతకు మించి ఏమీ లేదు. ఓబులేసు పొద్దున్నే వసారాలో కూర్చునేవాడు. ఆరో నవలకు అనుకున్న మొదటి పేజీ రాయబోయాడు. ఒక వాక్యం రాశాడు, అది సరిగ్గా ఉందో లేదో తెలియలేదు. ఎవరికి చదవాలి? ఇనాయతుల్లాకు చదివితే "వాహ్" అంటాడు. అన్నిటికీ వాహ్ అనేవాడితో ఏం లాభం? ఆమె వినకపోతే తాను ఇంకొక్క పేజీ కూడా రాయలేడని ఆ నాలుగు రోజుల్లో ఓబులేసుకు బాగా తెలిసొచ్చింది. తెలిసినా సరే, తప్పయిందన్న ఒక్క మాట నోటికి రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు చిల్లర దగ్గర ఎవరితోనూ ఓడిపోని నోరు అది.

ఇరవయ్యో తేదీ ఒక్కడే పులివెందుల బస్సెక్కాడు.

చర్చి ఆవరణలో షామియానా వేసి, రంగుకాగితాల నక్షత్రం కట్టారు. మధ్యాహ్నం మూడుకే కుర్చీలు నిండాయి. ముందు పిల్లల నాటిక. నలుగురు పిల్లలు తలకు తువ్వాళ్లు చుట్టుకొని, చేతికర్రలతో కాపరుల వేషం కట్టారు. నాటికలో నిజమైన గొర్రెపిల్ల ఉండాలని పాస్టరు గారి కోరిక. పక్క పల్లె నుంచి తలపాగా చుట్టిన ఒక ముసలాయన తల్లీపిల్లా రెంటినీ తెచ్చి, తల్లిని షామియానా వెనక కట్టేసి, పిల్లను వేదిక మీదికి ఇచ్చాడు. నాటిక అయిపోయింది. పిల్లను ఎవరూ దించలేదు. కాపరి వేషం వేసిన బుడ్డోడు దాన్ని ఒళ్లో పెట్టుకొని వేదిక మూలనే కూర్చున్నాడు.

పాస్టరు గారు ఓబులేసును పిలిచి, నవలలో మంచి భాగం ఒకటి చదవమన్నాడు.

ఏ భాగం చదవాలో ఆయన ముందే అనుకొని వచ్చాడు. ఇరవై మూడో అధ్యాయం. జనం మెచ్చుకుంటే ఇంటికి పోయి చెప్పొచ్చు కదా అని లోపల చిన్న ఆశ. గొంతు సవరించుకున్నాడు. కండక్టరు గొంతు, మైకు అక్కర్లేదు.

"నిశీథిలో ఆ మేషసమూహం, మాతృత్వపు మమకారాన్ని సైతం త్యజించి, నిశ్శబ్దంగా..."

షామియానా వెనక నుంచి "మ్మే..." అని వినపడింది.

ఓబులేసు ఆగి, మళ్లీ అందుకున్నాడు. "నిశ్శబ్దంగా, నీరవంగా..."

"మ్మే... మ్మే..."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గొంతు పెంచాడు. గొర్రె కూడా పెంచింది. వేదిక మీద పిల్ల బదులు పలికింది. ఒక వాక్యానికి నాలుగు అరుపులు. షామియానా అంతా కడుపులు పట్టుకొని నవ్వుతోంది. తలపాగా ముసలాయన చివరి వరసలో లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఏమనుకోవద్దండి. ఆ పిల్లను తల్లి కాడికి పంపిచ్చండి. ల్యాకుంటే అది నీ కత సాగనీదు."

బుడ్డోడు పిల్లను ఎత్తుకొని వెనక్కి పరిగెత్తాడు. ఒక్క క్షణం. అంతే, అరుపులు ఆగిపోయాయి. నవ్వులు కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దం ఎట్లాంటిదంటే, ఓబులేసు మూడు రోజులు నిఘంటువు తిరగేసి కూడా పేజీ మీదికి తేలేకపోయిన నిశ్శబ్దం అది.

ఆయన పుస్తకం మూశాడు.

"ఇన్నారు కదా," అన్నాడు. "ఇప్పుడు నేను సదివింది తప్పు. పుస్తకమంతా బాగుంది, ఈ అధ్యాయం తప్పు. ఈ మాట నాకు నాలుగు దినాల కిందటే నా పెండ్లాము చెప్పింది. నేను ఇనలేదు. నా పుస్తకాల్లో గొర్ల వాసన ఎక్కువని ఒక పెద్దాయన అంటే, సిగ్గుపడి, ఆ వాసన ల్యాకుండా ఈ అధ్యాయం ఒక్కటే రాసినాను. ఇదే తప్పింది." మూసిన పుస్తకాన్ని సంచిలో పెట్టాడు. "ఆమె నాకు గొర్లను గురించి చెప్పిందనుకున్నా. ఇప్పుడు తెలిసింది, తల్లుల్ని గురించి చెప్పింది. బిడ్డను వీపున కట్టుకొని వలస నడిసిన మనిషి ఆమె. ఆమెకు సదవకుండా తల్లుల్ని గురించి రాసినాను సూడండి, నా అంత మొండోడు ఇంకోడు ఉండడు."

చప్పట్లు కొట్టారు. ఆయన వాటిని అంతగా పట్టించుకోలేదు. తలపాగా ముసలాయన వచ్చి, "సదువు రాదప్పా నాకు. మా మనవరాలు సదివి ఇనిపిస్తాది. ఆ తప్పు దిద్దినాక నాకొకటి పంపిచ్చు" అని ఊరు పేరు చెప్పిపోయాడు. తెచ్చిన పుస్తకాలకు జనం ఎగబడ్డారు. ఓబులేసు ఒక్కటీ అమ్మలేదు. దిద్దినాక వస్తానని చెప్పి సంచి బరువు తగ్గకుండానే బస్సెక్కాడు. ఆ రోజు బస్సులో తలుపు దగ్గర నిలబడలేదు, కిటికీ పక్క కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి చౌడమ్మ దొడ్లో ఉంది. ఓబులేసు సంచి దించి, దడి మీద చేతులు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. నాటిక, తల్లిగొర్రె, నవ్వులు, తాను సభలో ఒప్పుకున్నది. ఒక్క ముక్క దాచలేదు. చౌడమ్మ అంతా విని అడిగిన మొదటి మాట ఇది.

"పిల్ల ఎన్ని దినాలది?"

"ఇరవై దినాలుండొచ్చు."

"పోయినాక పాలు తాగిందా?"

"నేను సూడలేదు."

"సూడాల్సింది," అని నీళ్ల తొట్టి వైపు తిరిగింది. కదురు సంగతి ఎత్తలేదు.

మరునాడు తెల్లవారుజామునే లేచి ఓబులేసు ఇరవై మూడో అధ్యాయం మళ్లీ రాశాడు. నిఘంటువు తెరవలేదు. రాయడం అయ్యాక కాగితాలు తీసుకొని వసారాలోకి వచ్చాడు. చౌడమ్మ దొడ్డి చిమ్ముతోంది.

"మేయ్ చౌడీ, మళ్లా రాసినా."

"నేను ఇననని చెప్తి కదా."

"నీకు కాదులే," అన్నాడు. దొడ్లోకి పోయి, దడికి ఆనుకొని, ఆరు గొర్రెల ముందు నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సుంకులమ్మ కోటదారి కింద నిలబడి ఉంది. పిల్లలకు కడుపు నిండా పాలు తాగించింది. మరీ చిన్న పిల్లలు మూడింటిని కంబళిలో చుట్టుకుంది. మిగతావాటిని తల్లుల పక్కనే ఉంచింది. గొర్రెలు ఆకు నములుతూ విన్నాయి. ఒకటి కాగితం అంచు కొరకబోయింది. "ఓయ్, సమీక్ష తర్వాత రాద్దువుగానీ" అని దాని మూతి పక్కకు తోశాడు.

చీపురు చప్పుడు ఆగింది. ఓబులేసు తల తిప్పలేదు, చదువుతూనే ఉన్నాడు. కాసేపటికి వసారాలో ఏదో కదిలింది. స్టూలు జరిపిన చప్పుడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా చెవులకు అలవాటైన సన్నటి చప్పుడు. ఆయన మెల్లగా దొడ్లోంచి వచ్చి వసారాలో తన చోట కూర్చున్నాడు. చౌడమ్మ ఉన్ని మీదే చూపు పెట్టి వడుకుతోంది.

"సుంకులమ్మ పిల్లను ఎత్తుకొని ముందు నడిచింది. మంద ఆమె వెంట నడిచింది..."

కదురు ఆగింది.

ఓబులేసుకు ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నాలుగు పుస్తకాలు అచ్చయినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

"పిల్లను ఎత్తుకొని ముందుకు తిరిగి నడిస్తే తల్లికి ఏం కనపడతాది, నీ వీపా?" అంది చౌడమ్మ. "వంగాల. పిల్లను కిందికి, తల్లి మూతికి అందేటట్టు పట్టుకోవాల. తల్లి వైపు మొగం పెట్టి ఎనక్కి ఎనక్కి నడవాల. అట్ల నడిస్తే వాసన సూసుకుంటా, నోరెత్తకుండా వస్తాది. ఒక తల్లి వస్తే మందంతా వస్తాది."

ఓబులేసు అది ఒకప్పుడు కళ్లారా చూశాడు. పెళ్లయిన కొత్తలో పెన్న ఇసుకలో, పొద్దుగూకే వేళ, వంగి, పిల్లను పట్టుకొని వెనక్కి నడుస్తున్న చౌడమ్మ. దోవలో నిలబడి ఉన్న తనకు వచ్చి తగిలి, పడబోయి, నవ్వింది. తన జీవితంలో చూసిన అన్నిటికంటే అందమైన దృశ్యం అదే. దాన్ని మరిచిపోయి, వెన్నెల కోసం నిఘంటువులో వెతికాడు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, ఆమె చూడనట్టే ఉంది.

"తప్పయింది మే," అన్నాడు.

"అధ్యాయం సంగతే కదా. దిద్దు," అంది చౌడమ్మ. ఆయన పెన్సిలు తీశాడు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఎంత వంగాలో, చేతులు ఎట్లా పెట్టాలో. ఆయన రాసుకున్నాడు. ఇనాయతుల్లా రెండు రోజుల్లో కొత్త కాగితాలు అచ్చు వేసి ఇస్తే, గుల్జార్‌బీ సాయం వస్తే, గండికోటకు పోయే ఇరవై నాలుగుకల్లా మిగిలిన కాపీలన్నిటిలో పాత పేజీలు తీసి ఇవి అతికించొచ్చని లెక్క వేశాడు. ఆ తలపాగా ముసలాయనకు ఒకటి పక్కన పెట్టాలని పైన రాసుకున్నాడు. రాసి, దిద్దిన చోట నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"ఇరవై నాలుగుకు గండికోటకు నేనూ వస్తా," అంది చౌడమ్మ ఉన్ని లాగుతూ. "నువ్వు మళ్లా ఆ పాత పేజీలే సదివితే ఎట్ల? నాకు నమ్మకం ల్యా."

నాలుగు పుస్తకాల సభలకూ ఓబులేసు పిలిచాడు. గొర్రెల్ని ఎవరు చూస్తారని ఆమె ఒక్కదానికీ రాలేదు. ఆయన నోటి దగ్గర వాక్యం సగంలో ఆగిపోయింది. కదురు మాత్రం ఆగలేదు.

"సదువు మామా," అంది ఆమె. "ఆగినావేంది?"